చెయ్యి పెట్టి చూడని సరుకు

ఆదోని,
9 నవంబరు 2024.

నా బంగారు తల్లి సనాకు,

నీ నాయన సలాములు, దువాలు. నువ్వు ఫోనులో అడిగిన మాటకు ఫోనులోనే జవాబు చెప్పి ఉండొచ్చు. కానీ నీకు తెలుసు కదా, నీ ఫోను వస్తే చాలు మీ అమ్మ స్పీకరు పెడుతుంది. ఆ పక్కింటి జయమ్మ, ఈ పక్కింటి సరస్వతి, మధ్యలో మీ అమ్మ మహబూబ్ బీ, ముగ్గురూ అరుగు మీద కూర్చుని వింటారు. నేను ఊ అనేలోపు వీధి చివరి దాకా కబురు వెళ్ళిపోతుంది. పైగా ఇది ఊ, ఆ అని తేల్చేసే ప్రశ్న కాదు. అందుకే పెన్ను పట్టుకున్నాను. పదో తరగతి దాకా చదివినవాడి రాత. తప్పులుంటే నవ్వుకో, కానీ చివరి దాకా చదువు.

నువ్వు అడిగింది నాకు అర్థమైనంత వరకు ఇది. హైదరాబాదులో నువ్వు పనిచేసే షేర్ల కంపెనీలో ఈ రెండేళ్ళూ జనానికి ఖాతాలు తెరిపించి, షేర్లు కొనడం, అమ్మడం ఎట్లాగో తెలుగులో చెప్పే పని చేశావు. ఇప్పుడు 'ఆప్షన్లు' అని ఇంకో విభాగం ఉందట, అందులోకి రమ్మన్నారట. మన తెలుగువాళ్ళకు ఫోను చేసి ఆ బేరాలు చేయించాలట. జీతం రెట్టింపుకు కాస్త తక్కువ. "ఇది మనకు తగునా నాయనా? నెట్‌లో చూస్తే ఒకాయన హలాల్ అంటాడు, ఒకాయన హరాం అంటాడు. నువ్వు ఎట్ల చెప్తే అట్ల చేస్తా" అన్నావు. ఆ చివరి మాటకు నాకు ఎంత గర్వం వచ్చిందో దాచుకోలేను. ఎం.కాం. చదివిన పిల్ల, మార్కెట్ యార్డులో పత్తి చూసే తండ్రిని అడిగింది. ఆ రోజు మీ అమ్మ చేసిన పప్పులో ఉప్పు లేకపోయినా నేను మాట అనలేదు.

అయితే నన్ను అడగడంలో తప్పేమీ లేదులే. మనం దూదేకులవాళ్ళం. మా తాత విల్లు భుజాన వేసుకుని కౌతాళం వైపు పల్లెలన్నీ తిరిగి దూది ఏకాడు. మా నాయన ఎమ్మిగనూరులో పరుపులు కుట్టాడు. నేను ఆదోని యార్డులో శేషాద్రి శెట్టిగారి మండీకి ముప్పై నాలుగేళ్ళుగా సరుకు చూస్తున్నాను. కుప్ప పైన ఎవరైనా తెల్లటి పత్తే పరుస్తారు. నేను పైన చూడను. చొక్కా చెయ్యి మడిచి మోచేతి దాకా లోపలికి పెడతాను. నెమ్ము ఉందా, కాయ తొక్కు కలిసిందా, పింజ పొడుగెంత, అంతా ఆ చెయ్యే చెబుతుంది. రెండేళ్ళ కింద మండీకి తేమ చూసే మిషను తెచ్చారు. కొత్త గుమాస్తా దాన్ని కుప్పలో గుచ్చి తొమ్మిది అన్నాడు. నేను చెయ్యి పెట్టి "పన్నెండప్పా, అడుగున గుచ్చి సూడు" అన్నాను. అడుగున పన్నెండున్నర చూపించింది. ఇప్పుడు టెండర్లు కంప్యూటర్లో వేస్తారు, అయినా "పీరా సాబ్ చెయ్యి పెట్టినాడా?" అని అడిగి మరీ ధర వేసే మిల్లులవాళ్ళు ఉన్నారు. గొప్పలు చెప్పుకుంటున్నాడు ముసలాయన అనుకోకు. ఉన్న మాటే చెబుతున్నాను.

ఈ అలవాటు నాకు యార్డు నేర్పలేదు. చిన్నప్పుడు మసీదులో విన్న మాట నేర్పింది. ప్రవక్త (స) ఒకసారి అంగడిలో నడుస్తూ ధాన్యం కుప్పలో చెయ్యి పెట్టారట. లోపల తడి తగిలింది. ఇదేమని అడిగితే వాన పడిందన్నాడు అమ్మేవాడు. మరి ఆ తడి జనానికి కనబడేట్టు పైన పెట్టాల్సింది కదా, మోసం చేసేవాడు మావాడు కాడు అన్నారట. ఎనిమిదేళ్ళ వయసులో విన్న మాట. పెద్దయ్యాక అదే నా బువ్వ అయింది.

నీ ప్రశ్న పట్టుకుని ముందు శేషాద్రి శెట్టిగారి దగ్గరికి వెళ్ళాను.

"ఏమప్పా పీరా, ఈ వయసులో షేర్లు కొంటావా ఏమి?" అని నవ్వారు. విషయం చెప్పాక నవ్వు ఆపారు.

"షేరు వేరే, ఇది వేరే. షేరంటే మిల్లులో నీకు పాలున్నట్టు. మిల్లు బాగుంటే నువ్వూ బాగుంటావు, మునిగితే నువ్వూ మునుగుతావు. ఆప్షన్లు అట్ల కాదు. పత్తి ధర గురువారానికి పెరుగుతాదని ఒగడు, తగ్గుతాదని ఇంగొగడు. ఇద్దరికాడా పత్తి ల్యా. పత్తి కావాలని ఇద్దరికీ ల్యా. ధర ఎటు పోతే అటువాడు ఇంగొగని దుడ్లు తీసుకుంటాడు. అంతే."

"మద్దెలో పత్తికేం పని సామీ?"

"పేరుకుండాదప్పా" అన్నారు.

సాయంత్రం అసర్ నమాజు అయ్యాక, నమాజు చేయించే మన హజరత్‌ను కూడా అడిగాను. ఆయన తొందరపడి చెప్పే మనిషి కాదు. కంపెనీ చేసే పని శుభ్రమైనదైతే, సారా అమ్మేది, వడ్డీ మీద బతికేది కాకపోతే, దాంట్లో షేరు కొనడం భాగస్వామ్యమే, అందులో దోషం లేదన్నారు. కానీ నీ దగ్గర లేనిది అమ్మొద్దని హదీసు ఉంది, సరుకు చేతికి రాకుండా ధర మీద కాసేది జూదమవుతుందన్నారు. రైతూ మిల్లూ నష్టం తప్పించుకోవడానికి రాసుకునే ఒప్పందాల గురించి చదువుకున్న ఆలిముల్లో రెండు మాటలున్నాయట. "కానీ దారిన పొయ్యేవాణ్ణి పిలిచి పందెం కాయించే పనికి మాత్రం నాకు తెలిసి ఎవరూ దారి చూపల్యా" అన్నారు.

కాబట్టి వద్దు తల్లీ. ఆ కుప్పలో చెయ్యి పెడితే తగలడానికి ఏమీ లేదు. జీతం తక్కువైతే తక్కువ. పీరా సాబ్ కూతురు చూడని సరుకు అమ్మిందని ఎవరూ అనకూడదు. ముప్పై నాలుగేళ్ళు ఆ మాట నన్ను అననివ్వలేదు, నిన్నూ అననివ్వను.

ఆరోగ్యం చూసుకో. బయట బిర్యానీ తగ్గించు.

నీ నాయన,
దూదేకుల పీరా సాబ్

*

ఆదోని,
22 డిసెంబరు 2024.

తల్లీ సనా,

ఈ ఉత్తరం చదివేటప్పుడు పక్కన ఎవరూ లేకుండా చూసుకో. ఇంతకు ముందు రాసిన ఉత్తరాన్ని పొగరుగా రాశాను. ఇది రాయడానికి నాలుగు రోజులు పట్టింది.

నెల కిందట నువ్వు ఫోను చేసి, "వద్దని చెప్పేసినా నాయనా. మా నాయన చెయ్యి పెట్టి చూడకుండా ఒక్క సంచి కూడా దాటనియ్యలేదు, ఆయన కూతురు ఈ పని చెయ్యదు అని మేనేజరు ముఖం మీదే చెప్పినా" అన్నావు. మామూలుగానే స్పీకరులో. మీ అమ్మ ఏడ్చింది. జయమ్మ పరుగెత్తుకెళ్ళి చక్కెర తెచ్చి అందరి నోట్లో పోసింది. ఆ తర్వాత శుక్రవారం నమాజుకు ముందు హజరత్ చేసే బయానులో హలాల్ సంపాదన గురించి చెబుతూ, మన ఊరి బిడ్డ ఒకతె పెద్ద జీతం కాదనుకుందని, తండ్రి నిజాయితీ బిడ్డకు వచ్చిందని అన్నారు. పేరు చెప్పలేదు గానీ మసీదులో తెలియనిదెవరికి? నమాజు అయ్యాక ఒక్కొక్కరు వచ్చి నా చెయ్యి పట్టుకుని సలాం చెబుతుంటే, ఆ చెయ్యి ఎవరిదో అనిపించింది. ఎందుకంటే నువ్వు మేనేజరుకు చెప్పిన మాట నిజం కాదు. నేను నీకు నేర్పిన మాటే అది, కానీ నిజం కాదు.

నువ్వు ఐదో తరగతి చదివే ఏడు, పత్తి ధర రోజుకో రకంగా ఎగిరింది. నిన్న కొన్నవాడు ఇవాళ సావుకారి అవుతున్నాడు. నేను మాత్రం పొద్దున్నించి సాయంత్రం దాకా ఊరి వాళ్ళ పత్తిలో చెయ్యి పెట్టి, కూలి తీసుకుని ఇంటికి వస్తున్నాను. దసరాకు ముందు కౌతాళంలో ఉరుకుందు అనే రైతు చేనికి వెళ్ళాను. కాయ గుత్తులు గుత్తులుగా ఉంది, ఇంకా పగలలేదు. "ఈ చేను పత్తంతా నీదే అనుకోన్నా" అన్నాడు ఉరుకుందు. నాకు ఆశ పుట్టింది. ఒక్కసారి నేనూ వ్యాపారం చేస్తే ఏమనుకున్నాను. బయటి ఊరి మిల్లు ఏజెంటు ఒకాయన యార్డుకు వచ్చేవాడు. ఆయనతో మాట్లాడి, ఉరుకుందు చేని పత్తి, పొడి సరుకు, దీపావళి దాటిన వారానికి లోడు చేయిస్తానని చెప్పి కొంత డబ్బు ముందే బయానాగా తీసుకున్నాను. పత్తి ఇంకా చెట్టు మీదే ఉంది. నేను మాత్రం అమ్మేశాను.

సరిగ్గా పత్తి విడిచే వేళకు నాలుగు రోజులు వాన. ఉరుకుందు చేతనైనంత ఆరబెట్టాడు. యార్డుకు వచ్చిన కుప్పలో నేను చెయ్యి పెట్టాను. మోచేతి దాకా నెమ్ము. ఏజెంటు పక్కనే నిలబడి ఉన్నాడు. ఆయన వంగలేదు, తన చెయ్యి పెట్టలేదు. పీరా సాబ్ చెయ్యి లోపలుంటే ఇంకొకరు పెట్టడం యార్డులో అవమానం చేసినట్టు. ఆ మర్యాద అప్పటికి ఇరవై ఏళ్ళుగా నేను సంపాదించుకున్నదే. "ఎట్లుండాది?" అని అడిగాడు. "పొడిగా ఉండాది సామీ" అన్నాను.

ఆ లోడు మిల్లులో వారం ఉండి వేడెక్కి పసుపు పారింది. నేను పొడిగా ఉందన్నాక యార్డులో తడి ఉండే అవకాశమే లేదు కదా. కాబట్టి దారిలో తడిసిందన్నారు. లారీ తోలింది ఉచ్చీరప్ప. టార్పాలిన్ సరిగా కట్టలేదన్నారు. మండీలవాళ్ళు అతనికి లోడ్లు ఇవ్వడం మానేశారు. ఆరు నెలలు చూసి, పెళ్ళాం బిడ్డలతో ఎమ్మిగనూరు వెళ్ళిపోయాడు. నేను అన్నీ చూస్తూ, నోరు మూసుకుని, మరుసటి రోజు కూడా చొక్కా చెయ్యి మడిచాను.

నీ ఫోను వచ్చాక, ఎవరిదో సంగతి అన్నట్టు హజరత్‌ను అడిగాను, చెట్టు మీది పత్తి ముందే అమ్మొచ్చా అని. "రొక్కమంతా ముందే ఇచ్చి, రకం, తూకం, రోజు ఖాయం చేసుకుంటే అమ్మొచ్చు. దానికి షరీఅత్‌లో దారి ఉండాది. కానీ ఫలానా చేనిదే అని కట్టగూడదు. ఆ చేను పండకపోతే యాడ తెచ్చిస్తాడు?" అన్నారు. "తేలేకపోతే ఏం చేస్తాడు హజరత్?" అన్నాను. "అబద్ధమాడ్తాడు" అని నవ్వారు ఆయన. నాకు నవ్వు రాలేదు. లేని సరుకు అమ్మొద్దని ఎందుకన్నారో కితాబు చదివితే సగమే తెలుస్తుంది తల్లీ. అమ్మినవాడు దాన్ని ఉన్నట్టు చూపించడానికి తన నోటిని కూడా అమ్ముకోవాల్సి వస్తుంది. ఆ మిగతా సగం నాకు పద్నాలుగేళ్ళుగా తెలుసు.

పోయిన సోమవారం ఎమ్మిగనూరు వెళ్ళాను. ఉచ్చీరప్ప బస్టాండు దగ్గర ఆటో తోలుతున్నాడు. నన్ను చూసి దిగి, గుడ్డతో అద్దం తుడవడం మొదలుపెట్టాడు.

"ఉచ్చీరప్పా, ఆ పత్తి దారిలో తడవల్యా. యార్డులోనే నెమ్ముండె. నాకు తెలుసు" అన్నాను.

"నాకూ తెలుసులేన్నా. టార్పాలు కట్టింది నేను. నేను కట్టిన ముడి నాకు తెలీదా?"

"మరి ఆ పొద్దే ఎందుకు అడగల్యా?"

"అడిగితే ఎవరు నమ్ముతారు? నీ చేతికి ఎదురు మాట ఉండెనా ఆ యార్డులో?"

జేబులో చెయ్యి పెట్టబోయాను. కళ్ళతోనే ఆపాడు. "నీ దుడ్లు నాకెందుకు? నా పేరు పోయింది యార్డులో, పదిమంది ముందర. సెప్పేదుంటే ఆడ సెప్పు."

చెప్పాను తల్లీ. బుధవారం పొద్దున, టెండరుకు ముందు రైతులు, హమాలీలు, మండీలవాళ్ళు అందరూ ఉన్నప్పుడు కాటా పక్కన నిలబడి గట్టిగా చెప్పాను. ఫలానా ఏడు, ఉరుకుందు పత్తి లోడు, నెమ్ము నాకు తగిలింది, పొడి అని చెప్పింది నేను, ఉచ్చీరప్ప తప్పేమీ లేదు అని. నేను ముందే కబురు పెడితే ఉచ్చీరప్ప వచ్చి గేటు దగ్గర ఆటో ఆపుకుని నిలబడ్డాడు. అంతా విని, తల ఊపి, ఆటో తిప్పుకుని వెళ్ళిపోయాడు. ఉరుకుందు మాత్రం నా మీదికి వచ్చాడు. "నీ తప్పు నువ్వు సెప్పుకో, నా పత్తి పేరెందుకు తీస్తివన్నా?" అన్నాడు. అతని కోపం న్యాయమే. శేషాద్రి శెట్టిగారు పక్కకు పిలిచి, "ముందు నాకు సెప్పింటే నేనే సర్దుతాంటి కదప్పా" అన్నారు. "అందుకే సెప్పల్యా సామీ" అన్నాను. కొన్నాళ్ళు మండీకి రావద్దన్నారు. ఇప్పుడు సరుకు మిషనే చూస్తోంది.

ఇంటికి వచ్చి మీ అమ్మకు చెప్పాను. చాలాసేపు బియ్యంలో రాళ్ళు ఏరుతూ కూర్చుంది. "యార్డులో సెప్పినావు సరే. బిడ్డకు సెప్పినావా?" అంది. అదొక్కటే అడిగింది.

అందుకే ఈ ఉత్తరం. నా పేరు చూసి నువ్వు ఉద్యోగం కాదనుకున్నావు. ఆ పేరు లోపల తడి ఉంది, పైన తెల్లగా పరిచాను. నువ్వు నన్ను ఇంక నమ్మకపోతే అది నాకు పెద్ద దెబ్బే, కాదని అబద్ధం చెప్పను. ఒక్క మాట మాత్రం చెప్పనీ. బుధవారం యార్డు నుంచి ఇంటికి నడిచి వస్తుంటే, పని పోయినవాడిలా అనిపించలేదు. ఇన్నేళ్ళలో అంత తల ఎత్తుకుని ఆ వీధిలో నడవలేదు.

నీకు తోచిన జవాబు రాయి. రాయకపోయినా తప్పు పట్టను.

మీ నాయన

*

హైదరాబాదు,
5 జనవరి 2025.

నాయనా,

నీ సనా సలాములు. నీ ఉత్తరం వచ్చి పది రోజులైంది. అమ్మ ఫోను చేసినప్పుడల్లా నువ్వు వెనక నుంచి దగ్గుతున్నావు, జవాబు రాశానా అని అడగలేక. ఇప్పుడు రాస్తున్నాను. నువ్వు కూర్చుని చదువు.

మొదటి రెండు రోజులు నీ మీద విపరీతమైన కోపం వచ్చింది. నువ్వు తప్పు చేసినందుకని అనుకుంటావు. అందుకు కాదు. ఒప్పుకున్నందుకు. నువ్వు ఒప్పుకోకుండా ఉంటే నేనూ హాయిగా ఉండేదాన్ని. ఎందుకంటే నేను ఆ ఉద్యోగం కాదనలేదు నాయనా. నీ మొదటి ఉత్తరం వచ్చిన రోజుకే సంతకం పెట్టేశాను. నీ మాట వినలేకపోయానని చెప్పాలనే ఆ రోజు నీకు ఫోను చేశాను. ఇంతలో అమ్మ స్పీకరు పెట్టింది. జయమ్మ అత్త, సరస్వతి అత్త గొంతులు వినపడ్డాయి. "మా సనా ఏం సెప్పిందో సూడండి" అంటోంది అమ్మ. అప్పుడు నా నోట్లోంచి ఆ మాటలు వచ్చేశాయి, మేనేజరు ముఖం మీద చెప్పానని. ఎంత బాగా చెప్పానో! నాకే ముచ్చటేసింది. చక్కెర సంగతి, శుక్రవారం బయాను సంగతి అమ్మ చెబుతుంటే ఫోను పట్టుకుని నవ్వుతూ విన్నాను, ఆప్షన్ల విభాగంలో నా కొత్త కుర్చీలో కూర్చుని.

ఆ పని ఎట్లా ఉంటుందో నీకు చెప్పాలి. పదిమందిలో తొమ్మిదిమంది నష్టపోతారని తెర మీద రాసి ఉంటుంది, ప్రభుత్వమే రాయించింది. మేము దాన్ని గబగబా చదివేసి, తర్వాత మాటలు నెమ్మదిగా, తియ్యగా చెప్పాలి. నా దగ్గరికి వచ్చేవాళ్ళంతా మన కర్నూలు, అనంతపురం వైపు వాళ్ళే. నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది నా డిగ్రీ చూసి కాదు, నా యాస చూసి. మన యాస వింటే మనవాళ్ళు నమ్ముతారని కంపెనీకి తెలుసు. మొదటి వారంలోనే ఎమ్మిగనూరు నుంచి శేషన్న అని ఒక నేతాయన కలిశాడు. ఫోనులో మగ్గం చప్పుడు వినపడుతూ ఉండేది. "అమ్మా, నువ్వు మన పక్కదానివి మాదిరుండావే?" అన్నాడు. "ఔనన్నా, ఆ పక్కదాన్నే" అన్నాను. "ఇదేమన్నా భయం ఉండాదా తల్లీ? నిజం సెప్పు" అన్నాడు. "భయమేం ల్యాదన్నా, చిన్నగా మొదలుపెట్టు" అన్నాను. నువ్వు పొడిగా ఉంది సామీ అన్నావు చూడు, అది ఎట్లా అని ఉంటావో నాకు తెలుసు నాయనా. గొంతు వణకదు. చాలా మామూలుగా వస్తుంది. ఆరు వారాల్లో శేషన్న రెండు నెలల నేత కూలి పోగొట్టుకున్నాడు. పోయిన ప్రతిసారీ నాకే ఫోను చేసి, "ఈసారి ఎట్ల పెట్టమంటావమ్మా?" అని అడిగేవాడు.

హలాలా హరామా అని నిన్ను అడిగాను కదా. నాకు అప్పటికే తెలుసు. తెలిసిన జవాబును ఇంకొకరు మారుస్తారేమోనని అడిగాను. నెట్‌లో ఎవరు ఏ ఫత్వా ఇచ్చారో వెతుకుతూ కూర్చున్నాను గానీ, ఎమ్మిగనూరులో మగ్గం ముందు కూర్చున్న మనిషిని ఒక్కసారి చూడలేదు. కంపెనీలో ఆ పనికి వంద పేర్లున్నాయి. నీ రెండో ఉత్తరం చదివాక నాకు ఒక్కటే పేరు మిగిలింది, మోసం.

మూడో రోజు నా కోపం పోయింది. దాని చోట గర్వం వచ్చింది, ఇంతకు ముందున్న లాంటిది కాదు. ఇంతకు ముందు మా నాయన తప్పు చేయడు అని గర్వపడేదాన్ని. అట్లాంటి తండ్రి ఉంటే కూతురు అబద్ధాలు దాచుకోవాల్సి వస్తుంది, ఆయనతో సమానంగా నిలబడలేక. ఇప్పుడు నాకున్న తండ్రి కాటా పక్కన నిలబడి పదిమంది ముందు నాది తప్పు అని చెప్పినవాడు. ఆయన వెనక నేనూ నడవగలను.

సోమవారం మేనేజరు దగ్గరికి వెళ్ళి ఈ పని చేయలేనని చెప్పాను. ఈసారి నిజంగానే ముఖం మీద చెప్పాను, కానీ ఫోనులో చెప్పినంత బాగా రాలేదు. పాత కుర్చీ ఇమ్మన్నాను. అందులో వేరే అమ్మాయి వచ్చేసిందన్నాడు. ఈ నెలాఖరు వరకే ఉద్యోగం. దిగులు పడొద్దు. ఏ కంపెనీ ఏం చేస్తుంది, వడ్డీ మీద ఎంత బతుకుతుంది, సారా, జూదం ఏమైనా ఉన్నాయా అని లెక్కలు తిరగేసి, మనవాళ్ళు ఏ షేర్లు కొనొచ్చో తేల్చి చెప్పే చిన్న ఆఫీసు ఒకటి ఇక్కడుంది. శనివారం మాట్లాడి వచ్చాను. జీతం నా పాత జీతం కంటే కూడా తక్కువ. ఉద్యోగం ఇస్తారో లేదో తెలియదు. ఇస్తే, నువ్వు యార్డులో చేసిన పనే నేనూ చేస్తాను.

అమ్మకు ఇవేవీ నువ్వు చెప్పొద్దు. వచ్చే ఆదివారం నేనే ఫోను చేసి, స్పీకరు పెట్టమని అడిగి చెబుతాను. జయమ్మ అత్తను, సరస్వతి అత్తను కూడా పిలవమంటాను. చక్కెర తిన్నవాళ్ళందరూ వినాలి కదా.

మేనేజరు గదిలోంచి వచ్చాక ఇంకొక పని మిగిలింది. నా కుర్చీలోంచే, ప్రతి మాటా కంపెనీ రికార్డు చేస్తుందని తెలిసే, శేషన్నకు ఫోను చేశాను. భయం లేదని నేను చెప్పింది అబద్ధమని, పదిమందిలో తొమ్మిదిమంది పోగొట్టుకునే ఆట అని నాకు ముందే తెలుసునని, ఇంక ఒక్క రూపాయి కూడా పెట్టొద్దని చెప్పాను. మగ్గం చప్పుడు ఆగిపోయింది.

"మరి ఆ పొద్దే ఎందుకు సెప్పల్యామ్మా?" అన్నాడు.

"జీతం కోసరం అన్నా."

తిడతాడనుకున్నాను. తిట్టలేదు. "నీ పేరు వర్షిణి కదమ్మా?" అన్నాడు.

ఈ సంగతి నీకు ఇప్పటిదాకా చెప్పలేదు నాయనా. ఆ విభాగంలో చేరిన రోజే నాకు ఆ పేరు ఇచ్చారు. నీ పేరుతో మాట్లాడితే జనం నమ్మరమ్మా అన్నారు. నేను సరేనన్నాను. ఆరు వారాలు రోజుకు వందసార్లు ఆ పేరు చెప్పుకున్నాను.

"కాదన్నా. అది కంపెనీ పెట్టిన పేరు. నా పేరు సనా. ఆదోని పీరా సాబ్ కూతుర్ని" అన్నాను.

"ఏ పీరా సాబు?" అన్నాడు శేషన్న. "యార్డులో అందరి ముందర నిలబడి తప్పు సెప్పుకున్నాడంట, ఆటో ఉచ్చీరప్ప ఊరంతా సెప్పుకుంటా తిరుగుతాండాడు. ఆ పీరా సాబా?"

"ఔనన్నా" అన్నాను. "ఆయనే మా నాయన."

నీ కూతురు,
సనా